హాలోవీన్‌కి కాస్ట్యూమ్ వద్దనుకుని 1950ల నాటి డ్రెస్ కొన్నా: ఈస్ట్ విలేజ్ వింటేజ్ కొట్టు రివ్యూ

ముందు పోయినేడాది సంగతి చెప్పాలి, లేకపోతే ఈ కొట్టుకి నాలుగు స్టార్లు ఎందుకు ఇస్తున్నానో, ఐదోది ఎందుకు పట్టుకున్నానో అర్థం కాదు. సెప్టెంబర్ రాగానే ఖాళీ షాపుల్లో పుట్టుకొచ్చి నవంబర్ రాగానే మాయమైపోయే సీజనల్ షాపులుంటాయి కదా, అలాంటి ఒకదాంట్లో 50 డాలర్లు పెట్టి "ఫ్లాపర్" అని రాసున్న కాస్ట్యూమ్ ప్యాకెట్ ఒకటి కొన్నా, అంటే 1920ల నాటి ఫ్యాషన్ అమ్మాయి వేషం. ప్యాకెట్ మీద అమ్మాయి దివ్యంగా ఉంది. విప్పి వేసుకుంటే నేను మాత్రం కుచ్చులు వేలాడే లాంప్ షేడ్‌లా ఉన్నా. సరే అని అదే వేసుకుని, న్యూయార్క్‌లో హాలోవీన్ రాత్రి అందరూ వేషాలేసుకుని నడిచే పెరేడ్‌కి వెళ్తే సిక్స్త్ అవెన్యూలో సగం దూరం నడిచేసరికి కుచ్చులు ఒక్కొక్కటీ రాలిపోవడం మొదలు, మా చెల్లి వెనకాలే ఏరుకుంటూ "ఏంటక్కా, తిరిగెళ్ళడానికి దారి గుర్తులు వేస్తున్నావా" అని ఒకటే నవ్వు. ఇంటికొచ్చాక దాన్ని ఎవరికీ ఇవ్వడానికి కూడా పనికిరాక చెత్తలో పడేశా. పాత సినిమాలన్నా పాత బట్టలన్నా ప్రాణం పెట్టే దాన్ని, 1920ల ఫ్యాషన్ మీద ఇంట్లో మూడు పుస్తకాలున్నాయి, అయినా ఆ ప్లాస్టిక్ సంచిలో గుడ్డ ఎందుకు కొన్నానో నాకే తెలీదు.

అందుకే ఈసారి అసలైన పాత బట్టే వేసుకోవాలని పట్టుబట్టి, న్యూజెర్సీ నుంచి సిటీకి వెళ్ళి (జెర్సీలో ఉన్న మనవాళ్ళకి సిటీ అంటే మాన్‌హటనే, వేరే సిటీలు లేవు), ఈస్ట్ విలేజ్‌లో ఒక చిన్న వింటేజ్ కొట్టు పట్టుకున్నా. పేరు రాయను. ఒక్క మనిషి నడుపుకునే కొట్టు, కింద కొంచెం సణుగుడు ఉంది, దానివల్ల ఆవిడకి ఇబ్బంది రావడం నాకిష్టం లేదు.

పేవ్‌మెంట్ మీద నుంచి నాలుగు మెట్లు కిందకి దిగాలి. తలుపు తీయగానే కలరా ఉండలు, తోలు, ఎవరో ఎప్పుడో కొట్టుకున్న పౌడర్ అన్నీ కలిసిన వాసన, అమ్మమ్మ ట్రంకు పెట్టె తెరిచినట్టే ఉంటుంది. ఈ వాసన పడనివాళ్ళు లోపలికి వెళ్ళకండి, గంటసేపట్లో తలనొప్పి ఖాయం. నాకైతే ఇష్టం. బట్టలు సైజు ప్రకారం కాదు, దశాబ్దం ప్రకారం వేలాడదీసి ఉంటాయి, ఎడంచేతి గోడకి 40లు, 50లు, కుడిచేతికి 60లు, 70లు, వెనకాల అద్దాల బీరువాలో ఖరీదైనవి. హాలోవీన్ సరుకు అని ఒక మూల పెట్టింది, అందులో బెన్ కూపర్ కాస్ట్యూమ్ ఒకటి డబ్బాతో సహా ఉంది. తెలీనివాళ్ళకి చెప్తున్నా, అది బ్రూక్లిన్ కంపెనీ, పిల్లల కోసం పల్చటి ప్లాస్టిక్ మొహం ఒకటి, రబ్బరు దారం కట్టి, దాంతోపాటు మెరిసే వినైల్ చొక్కా, అన్నీ కిటికీ ఉన్న అట్టపెట్టెలో పెట్టి అమ్మేవాళ్ళు. చొక్కా మీద ఆ క్యారెక్టర్ బొమ్మే అచ్చేసి ఉంటుంది. అంటే ఎవరి వేషం వేశావో ఆ మనిషి ఫోటో నీ గుండె మీదే పెట్టుకుని తిరగడం అన్నమాట. ఇక్కడ 60లు, 70లలో పెరిగినవాళ్ళకి అది చూస్తే కళ్ళు చెమరుస్తాయంట, నాకు నవ్వొచ్చింది.

నేను వెళ్ళింది 1920ల పూసల డ్రెస్ కోసం. బీరువాలో ఒకటి ఉంది కూడా, నల్లటి సిల్క్ నెట్ మీద చమ్కీలు, గాజు పూసలు, 650 డాలర్లు. నా బడ్జెట్‌కి మూడింతలు, అయినా చేతిలోకి తీసుకోగానే మతి పోయింది. ఎంత బరువో! పెళ్ళి పట్టుచీర మడతపెట్టి చేతిలో పెట్టినట్టుంది. ఒక్క కుచ్చు లేదు దానికి. ఒంటినిండా కుచ్చులు వేలాడితేనే ఫ్లాపర్ అనేది తర్వాత వచ్చిన కాస్ట్యూమ్ కంపెనీల గోల, ఆ రోజుల్లో పార్టీ డ్రెస్సుల్లో ఎక్కువగా కనిపించేది పూసల పనే, పైగా మోకాలిదాకా పొట్టి అయింది కూడా 1926, 27 ప్రాంతంలోనే, దానికి ముందు ఇంకా కిందకే ఉండేవి.

ఇక్కడే ఆవిడ నాకు నచ్చేసింది. డబ్బు ఎంతని అడగలేదు, "ఇది వేసుకుని ఎక్కడికి వెళ్తావు" అని అడిగింది. పెరేడ్‌కి అన్నా. "కూర్చుంటావా, నడుస్తావా? వాన పడితే? డ్యాన్స్ చేస్తావా?" అని పోలీస్ ఎంక్వయిరీలా వరసపెట్టి అడిగి, చివరికి అమ్మనంది. అమ్మనంటుందేంటి అని నేను బిత్తరపోతే సొరుగులోంచి ఒక గుడ్డముక్క తీసి చూపించింది. అదీ ఆ కాలం డ్రెస్‌దే, చంక దగ్గరి భాగం, చమ్కీలన్నీ కరిగి ఒకదానికొకటి అంటుకుపోయి బెల్లం పాకం ఎండినట్టు ముద్దకట్టి ఉన్నాయి. ఆ కాలంలో చమ్కీలు చాలావరకు జెలటిన్‌తో చేసేవాళ్ళంట, జెల్లీలో వేసే జెలటినే, నీళ్ళు తగిలినా ఒంటి వేడికి చెమట పట్టినా కరిగిపోతాయి. ఎవరో వేసుకుని రాత్రంతా డ్యాన్స్ చేస్తే అలా అయిందంట. ఇంకోటి, అలాంటివి హ్యాంగర్‌కి తగిలించకూడదు, పూసల బరువుకి భుజాల దగ్గర చిరుగుతాయి, పరిచి పెట్టాలి. ఆ కాలం సిల్కుల్లో కొన్నిటికి బరువు రావడానికి లోహపు ఉప్పులు ఎక్కించేవాళ్ళు, అవి నిలువ ఉన్నకొద్దీ పట్టుకుంటే చాలు అప్పడంలా విరిగిపోతాయి. 650 డాలర్ల సరుకు చేతికి వచ్చిన కస్టమర్‌కి అమ్మకుండా ఇంత క్లాస్ పీకిన కొట్టు ఇంతవరకు నేను చూడలేదు.

తర్వాత ఎడంచేతి గోడ నుంచి ఒక నల్ల డ్రెస్ తీసింది. రేయాన్ క్రేప్, మోచేతుల కిందిదాకా చేతులు, నడుము దగ్గర చిన్న కుచ్చిళ్ళు, స్కర్ట్ సన్నగా మోకాళ్ళ కిందికి. 50ల మొదట్లోది అంది. ఎలా చెప్తావు అని అడిగితే ఒక్కొక్కటీ చూపించింది, నాకు మొత్తం ట్రిప్‌లో నచ్చిన పావుగంట ఇదే. జిప్పు వీపు మీద కాదు, ఎడం పక్కన ఉంది, అది కూడా మెటల్ జిప్పు, నైలాన్‌వి మామూలైపోయింది 60ల తర్వాతే. ఉతకడం గురించిన లేబుల్ ఎక్కడా లేదు, అమెరికాలో ఆ లేబుల్ తప్పనిసరి అని రూల్ తెచ్చిందే 1971లో. లోపల కుట్టులో బియ్యపుగింజంత అక్షరాలతో ఒక యూనియన్ లేబుల్ ఉంది, ఐ.ఎల్.జి.డబ్ల్యు.యు అని, అంటే ఆడవాళ్ళ బట్టలు కుట్టే కార్మికుల యూనియన్, 1900లో ఇదే ఊర్లో పుట్టి 1995లో ఇంకో యూనియన్‌తో కలిసిపోయింది. ఆ లేబుల్ డిజైన్ కాలాన్నిబట్టి మారుతూ వచ్చింది కాబట్టి, దాన్నిబట్టి వయసు కట్టేస్తారు. ఈ డ్రెస్ ఎవరు కుట్టారో తెలీదు, కానీ జీతం కోసం కొట్లాడిన చేతులే కుట్టాయి అని ఆవిడ అన్నప్పుడు 50 డాలర్ల పోయినేటి కుచ్చులు గుర్తొచ్చి కొంచెం సిగ్గేసింది.

సైజు విషయం జాగ్రత్త. లోపల 14 అని ఉంది. నేను మామూలుగా కొనేది 8. 14 చూసి నాకు వదులైపోతుందనుకున్నా, వేసుకుంటే సరిగ్గా సరిపోయింది, ఇంకా చెప్పాలంటే అన్నం తిన్నాక కొంచెం బిగుతే. అప్పటి నంబర్లకీ ఇప్పటి నంబర్లకీ సంబంధం లేదు, కంపెనీలు మనల్ని సంతోషపెట్టడానికి నంబర్లు తగ్గించుకుంటూ వచ్చాయి. కాబట్టి నంబర్ చూడకండి, టేపు తీసుకెళ్ళండి. ట్రయల్ రూమ్ అని పిలిచేది మూలన కట్టిన కర్టెన్, అది నా మోకాళ్ళ దాకే ఉంది, అద్దం బయట ఎక్కడో ఉంది, అంటే జిప్పు సగం పడ్డా బయటికొచ్చి అందరి ముందే చూసుకోవాలి. దానికి మార్కులు కట్.

రేటు 95 డాలర్లు. ఇక్కడ ఒక తమాషా ఉంది. న్యూయార్క్ సిటీలో 110 డాలర్ల లోపు బట్టలకీ చెప్పులకీ సేల్స్ టాక్స్ లేదు, కానీ కాస్ట్యూమ్‌కి ఉంది, 8.875 శాతం. అంటే పోయినేడాది ప్యాకెట్‌లో కొన్న ఆ కుచ్చుల చెత్తకి టాక్స్ కట్టా, ఈ ఏడాది 70 ఏళ్ళ నాటి అసలు డ్రెస్‌కి ఒక్క సెంటు కట్టలేదు, ఎందుకంటే ఇది వేషం కాదు, బట్ట! టోపీ 28, చిన్న వల ఉన్నది, గ్లవ్స్ 12, వాటికీ లేదు. చెవులకి పెట్టుకునే క్లిప్పులు 18, అవి మాత్రం నగ కిందికి వస్తాయి కాబట్టి 1 డాలర్ 60 సెంట్లు పడింది. ఆ క్లిప్పుల గురించి చెప్పాలి, ఆ రోజుల్లో ఇక్కడ చాలామంది చెవులు కుట్టించుకునేవాళ్ళు కాదు కాబట్టి అన్నీ నొక్కి పెట్టుకునేవే, చంటిపిల్లాడు చెవి పట్టుకుని వేలాడినట్టుంటుంది, రెండు గంటలకి తీసి పర్సులో వేసుకున్నా. రిపేర్‌కి 15. మొత్తం దాదాపు 170.

ఇప్పుడు సణుగుడు. అరవై డెబ్బై ఏళ్ళ బట్టలో గుడ్డ బాగున్నా దారం పుచ్చిపోతుందంట, అందుకే చంకల కింద కుట్లు మళ్ళీ వేయించుకోవాలి అని ఆవిడే చెప్పి, ఆవిడే వేస్తానంది. మంగళవారం రమ్మంది. మంగళవారం ఆఫీస్ అయ్యాక నది దాటి వెళ్తే ఇంకా కాలేదు, గురువారం అంది. ఒక్క ఫోన్ చేసి ఉంటే నాకు రానూపోనూ రెండు గంటలు మిగిలేవి. గురువారం వెళ్తే ఇచ్చింది, ఎడం పక్కన చక్కగా, చేత్తో వేసినట్టు కూడా తెలీనంత సన్నగా వేసింది. కుడి పక్కన వేయడం మర్చిపోయింది. నేను చూసుకోలేదు, ఇంటికెళ్ళాకా చూసుకోలేదు, తప్పు నాది కూడా. ఎప్పుడు తెలిసిందో కింద చెప్తా. బయటికి తీసుకెళ్ళింది వాపసు తీసుకోరు, అది కౌంటర్ మీద రాసే ఉంది కాబట్టి దాని మీద కంప్లైంట్ లేదు.

డ్రెస్ అయితే వచ్చింది, కానీ వేషం ఏది? ఇంట్లో మొత్తం వేసుకుని టోపీ పెట్టుకుని నిలబడితే మా చెల్లి ఎగాదిగా చూసి "అక్కా, నువ్వు దెయ్యంలా లేవు, ఎవరింట్లోనో పోతే పరామర్శకి వెళ్తున్నట్టున్నావు" అంది. నిజమే! అప్పుడు ఐడియా వచ్చింది, బ్లాక్ అండ్ వైట్ సినిమాలోంచి బయటికి వచ్చేసిన మనిషి. మొహం, మెడ, కనిపించే చర్మమంతా బూడిద రంగు, పెదాలు ఇంకొంచెం ముదురు బూడిద, కనుబొమలు నలుపు, గ్లవ్స్ ఎలాగూ బూడిదరంగువే. రంగురంగుల గుంపులో ఒక్కదాన్నే రంగు లేకుండా ఉండటం. మా ఆయన చూసి "ఫోన్ కెమెరా పాడైందేమో అనుకున్నా" అన్నాడు, అంతకన్నా పెద్ద కాంప్లిమెంట్ ఉంటుందా.

మేకప్ విషయంలో ఆవిడ చెప్పిన చిట్కాలు 170 డాలర్లలో సగం చేస్తాయి, ఉచితంగా చెప్పింది. తలమీంచి డ్రెస్ వేసుకునేటప్పుడు మొహానికి పల్చటి స్కార్ఫ్ కప్పుకోవాలి, మెడపట్టీకి రంగు అంటదు. చంకల్లో చెమట ప్యాడ్‌లు పెట్టుకోవాలి. రేయాన్ క్రేప్‌ని నీళ్ళలో ముంచితే చిన్నపిల్ల గౌను అయిపోతుంది, ముంచొద్దు. అసిటేట్ గుడ్డ అయితే గోళ్ళరంగు తీసే రిమూవర్ దరిదాపులకి రానీయొద్దు, అందులో ఉండే అసిటోన్‌కి గుడ్డే కరిగిపోతుంది, మరక కాదు, గుడ్డే! వాసన పోవాలంటే చవక వోడ్కా స్ప్రే బాటిల్‌లో పోసి లోపలివైపు చల్లి గాలికి ఆరబెట్టాలి, నాటకాలవాళ్ళు ఎప్పట్నుంచో చేసే పనంట.

ఇక పెరేడ్. 1974లో రాల్ఫ్ లీ అని మాస్కులు, పెద్దపెద్ద బొమ్మలు చేసే ఆర్టిస్ట్ గ్రెనిచ్ విలేజ్‌లో మొదలుపెట్టాడు, అప్పట్లో చుట్టుపక్కలవాళ్ళే నడిచేవాళ్ళంట. ఇప్పుడు సిక్స్త్ అవెన్యూ మీద సాగుతుంది. 2012లో శాండీ తుఫానుకీ, 2020లో కోవిడ్‌కీ ఆగింది. టికెట్ అక్కర్లేదు, పేరు రాయించుకోవడం లేదు, ఏదో ఒక వేషం ఉంటే చాలు, కెనాల్ స్ట్రీట్ దగ్గర లైన్లో కలిసిపోవడమే. మేం న్యూజెర్సీకీ సిటీకీ మధ్య నడిచే పాత్ ట్రైన్‌లో వరల్డ్ ట్రేడ్ సెంటర్ దిగి, అక్కడ సబ్‌వేలో ఇ ట్రైన్ ఎక్కి ఒక్క స్టాప్‌లో కెనాల్ దగ్గర దిగాం. జెర్సీ నుంచి వెళ్ళేవాళ్ళకి ఇదే సులువు, ఎందుకంటే పెరేడ్ దక్షిణం నుంచి ఉత్తరానికి వెళ్తుంది, అయిపోయాక 14వ స్ట్రీట్‌లో పాత్ ఎక్కి ఇంటికొచ్చేయొచ్చు. ఏడింటికి మొదలవుతుందన్నారని ఆరింటికే వెళ్ళాం, మా వంతు కదిలేసరికి ఎనిమిది దాటింది. రెండు గంటలు నిలబడటానికి సిద్ధమైతేనే వెళ్ళండి. బాత్రూమ్ సంగతి ముందే చూసుకోండి, ఇంతకన్నా వివరంగా చెప్పను.

పాత డ్రెస్ ఒంటి మీదుంటే మనిషి నడకే మారిపోతుంది, ఇది నాకు కొత్త. ఆ సన్న స్కర్ట్‌లో పెద్ద అడుగు వెయ్యలేం, వంగలేం, భుజాలు ముందుకి వాల్చి ఫోన్ చూసుకుందామంటే కుట్టు వెనక్కి లాగుతుంది, ఎవరో పెద్దావిడ వెనకాల నిలబడి "నిటారుగా ఉండవే" అన్నట్టు. జేబుల్లేవు. సబ్‌వే మెట్లు పక్కకి తిరిగి దిగా. పోయినేడాది ప్యాకెట్ వేసుకున్నప్పుడు నేను నాలాగే నడిచా, ఈసారి వేరే ఎవరిలాగో నడిచా. వేషం అంటే అదే కదా మరి, మొహానికి రంగు ఎవరైనా పూసుకుంటారు.

పెద్ద పెద్ద అస్థిపంజరాల బొమ్మలు కర్రల మీద ఎత్తుకుని వస్తుంటే, ఒకటి సరిగ్గా నా మీదికి వంగి చెయ్యి ఊపింది, నేను కూడా ఉత్సాహంగా కుడిచెయ్యి ఎత్తి ఊపా, చర్ర్‌మని వినబడింది. బ్యాండు మోత మధ్యలో కూడా వినబడింది! అదే, ఆవిడ మర్చిపోయిన కుట్టు. చెల్లి పర్సులో నాలుగు పిన్నీసులు ఉన్నాయి కాబట్టి సరిపోయింది, అక్కడ్నుంచి 15వ స్ట్రీట్ దాకా కుడిచెయ్యి ఒంటికి అంటించుకునే నడిచా, ఫోటోల్లో చూస్తే చాలా మర్యాదస్తురాలిలా ఉన్నా. ఐదో స్టార్ అక్కడ ఊడింది.

ఇంకో అవమానం కూడా రాసేస్తా. బారికేడ్ అవతల వీల్‌చెయిర్‌లో ఒక ముసలావిడ, ఎనభై పైనే ఉంటాయి, గుమ్మడికాయ వేషంలో ఉంది. నన్ను చూసి వేలితో రమ్మని పిలిచింది. డ్రెస్ బాగుందని చెప్తుందనుకుని పొంగిపోయి దగ్గరికెళ్ళా. "టోపీ వెనకది ముందుకి పెట్టుకున్నావు" అంది. వంగమని, తనే రెండు చేతులతో తిప్పి, వల కళ్ళ మీదికి సర్ది, పిన్ను ఎక్కడ గుచ్చాలో చూపించి, ఇక వెళ్ళు అన్నట్టు చెయ్యి ఊపింది. అప్పటిదాకా తీసిన ఫోటోలన్నీ దండగ. కొట్టులో ఆవిడ ఆ టోపీ ఎలా పెట్టుకోవాలో చెప్పలేదు, కానీ దాని మీద మార్కులు తగ్గించను, చెప్పి ఉంటే ఈ గుమ్మడికాయ మామ్మ నాకు దొరికేది కాదు.

గుంపు పడనివాళ్ళకి వేరే దారి ఉంది. అదే చుట్టుపక్కల ఈస్ట్ ఫోర్త్ స్ట్రీట్‌లో మర్చంట్స్ హౌస్ మ్యూజియం, 1832లో కట్టిన ఇల్లు, ట్రెడ్‌వెల్ అనే వ్యాపారి కుటుంబం దగ్గర దగ్గర వందేళ్ళు ఉంది. ఆఖరి కూతురు గెర్ట్రూడ్ 1840లో ఆ ఇంట్లోనే పుట్టి 1933లో ఆ ఇంట్లోనే పోయింది, సామాన్లు, డ్రెస్సులు అన్నీ వాళ్ళవే. అక్టోబర్‌లో ఇంటిని చావు ఇల్లులా అలంకరిస్తారు, కొవ్వొత్తుల వెలుగులో దెయ్యాల టూర్లు కూడా ఉంటాయి. పాత బట్టల మీద ప్రేమ ఉండి, భుజాలు రాసుకోవడం ఇష్టం లేనివాళ్ళు అటు వెళ్ళండి, మెట్లు మాత్రం చాలా ఉన్నాయి.

కొట్టుకి మళ్ళీ వెళ్తానా అంటే వెళ్తా, వెళ్ళా కూడా. హాలోవీన్ అయిన వారం తర్వాత చిరిగిన చంక చూపించడానికి. ఆవిడ చూసి, తల పట్టుకుని, డబ్బులడగకుండా అక్కడికక్కడే కూర్చుని కుట్టి ఇచ్చింది, ఈసారి రెండు పక్కలా నేనే లాగి చూసుకున్నా. ఫోన్ చేసి రండి, రిపేర్ ఇస్తే చెప్పిన రోజుకి రెండ్రోజులు కలుపుకోండి, అక్టోబర్ మూడో వారం దాటాక అస్సలు వెళ్ళొద్దు, మంచివన్నీ అయిపోతాయి. వేషం కోసం కాకుండా వేసుకోవడం కోసం కొనండి. నేను అదే డ్రెస్ డిసెంబర్‌లో ఆఫీస్ పార్టీకి వేసుకెళ్తే, ఎక్కడ కొన్నావని ముగ్గురు అడిగారు, ఒక్కరికీ దెయ్యం గుర్తుకు రాలేదు.

ఇంట్లో ఒక్కటే చిక్కు. అల్మరాలో నా బట్టల వెనకాల వోడ్కా బాటిల్, పక్కనే స్ప్రే డబ్బా, మా ఆయన రెండు వారాల కింద చూశాడు. ఇంకా ఏమీ అడగలేదు.